చెవి కింద మచ్చ

“కత్తి తగిలిందంటే అది రెచ్చిపోతుందేమో దూన్యా. లోపల ఇంకేమైనా ఉంటేనో?”

ఉజిత్సె పట్నంలో ఆసుపత్రికి వెళ్లే బస్సు ఎక్కకముందే అన్నాను. నా కూతురు నవ్వింది. “నువ్వు బస్సెక్కితే డ్రైవరుకి గుండె ఆగుతుందని కూడా భయపడతావమ్మా. ఎక్కు, ఎక్కు.”

దాని ఎడమ చెవి కింద గడ్డ. పద్నాలుగో ఏట బఠాణీ గింజంత ఉండేది, ఇరవై వచ్చేసరికి అక్రోటు కాయంత అయింది. ఆ ఆరేళ్లూ జుట్టంతా ఎడమ భుజం మీదికి వేసుకునే తిరిగింది. గాలి వీస్తే చెయ్యి అడ్డం పెట్టుకునేది. ఉత్త కొవ్వుగడ్డేనని డాక్టరమ్మ ముందే చెప్పింది. అరగంటలో తీసేశారు. ఏడు కుట్లు. పరీక్షకి పంపిన ముక్కలో చెడు ఏమీ లేదని కాగితం వచ్చింది. ఆ కాగితం నేను మూడుసార్లు చదివించుకున్నాను.

కుట్లు విప్పిన రోజే దూన్యా జుట్టు కత్తిరించుకుంది, చెవులు కూడా కప్పనంత పొట్టిగా. పక్కింటి స్టామెన్కా చూసి నాతో, “ఏమే దేసాంకా, కూతుర్ని తీసుకెళ్లి కొడుకుని తెచ్చుకున్నావా?” అంది.

“నాకూ ఒక మెడ ఉందని ఇప్పుడే తెలిసింది పిన్నీ,” అంటూ అద్దం ముందు అటూ ఇటూ తిరిగింది నా పిల్ల. కుట్లు వేసినచోట గీత సన్నగా, లేత గులాబీ రంగులో, దారప్పోగులా ఉంది.

నాకే ఆ గీత మీద నమ్మకం లేదు. మా అక్క మీలుంకాకి రొమ్ములో గడ్డ తీశాక పుండు మానలేదు. రోజూ కట్టు మార్చింది నేనే. అది మానకుండానే అక్కని మట్టి చేశాం. దూన్యా మెడ మీద గీత కాస్త ఎర్రబడితే చాలు, నాకు అక్క పుండే కనిపించేది.

మా వంటింటి కిటికీలో ఎప్పుడూ కంతారియొన్ నూనె సీసా ఉంటుంది. కంతారియొన్ మొక్క పసుపుపచ్చ పూలని నూనెలో వేసి నలభై రోజులు ఎండలో పెడితే నూనె ఎర్రగా దిగుతుంది. కాలినా తెగినా మా అమ్మ అదే రాసేది. చిన్నప్పుడు దూన్యా మోకాళ్లకి నేనూ అదే రాశాను. తను ఇచ్చిన పూతమందు తప్ప ఇంకేదీ రాయొద్దని డాక్టరమ్మ అంది. అందుకే ఎవర్నీ అడగలేదు. దూన్యా ఇంట్లో లేనప్పుడు మందు డబ్బా మూత తీసి రెండు చెంచాల నూనె కలిపేశాను.

జూన్‌లో రాస్ప్‌బెర్రీ కోత మొదలైంది. ఆ రోజుల్లో మా ఊళ్లో ఇంట్లో కూర్చునేవాళ్లుండరు. దూన్యా పొద్దున్నే మందు రాసుకుని, ఎండ తగలకుండా మెడకి గుడ్డ కట్టుకుని తోటకొచ్చేది. ఎండెక్కేసరికి చెమటకి ఆ గుడ్డ జారిపోయేది. ఐదోరోజుకి మెడంతా కమిలి బొబ్బలెక్కింది. బొబ్బలు తగ్గాక చూస్తే సన్నటి గీత లేదు. దాని చోట వేలంత వెడల్పున, నల్లగా, ఉబ్బెత్తుగా మచ్చ మిగిలింది.

డాక్టరమ్మ చూసి మొహం చిట్లించింది. “ఏం రాశావు దీనికి?”

“మీరిచ్చిందే,” అంది దూన్యా.

“ఇంట్లో నూనెలేమైనా రాశావా? కంతారియొన్ రాసుకుని ఎండలో తిరిగితే ఇలాగే కాలుతుంది. ఏటా ఇద్దరు ముగ్గురైనా వస్తారు నా దగ్గరికి.”

దూన్యా నా వైపు చూసింది. నేను సంచీ పట్టుకుని కూర్చున్నాను. సంచీ తాడు ముడి విప్పి మళ్లీ కట్టాను.

“ఏమీ రాయలేదండీ,” అంది నా కూతురు.

“అయితే ఎండలోకి వెళ్లొద్దన్న నా మాట లెక్కచెయ్యలేదన్నమాట. ఇది పూర్తిగా పోదమ్మా. కాస్త తగ్గుతుంది, అంతే.”

ఆ రోజునుంచి దూన్యా నాతో మాట్లాడలేదు. సూప్ పోస్తే తాగేది, రొట్టె పెడితే తినేది. కప్పుకోవడానికి జుట్టు కూడా లేదుగా, నడివేసవిలో మెడకి మందపాటి గుడ్డ చుట్టుకుంది. “ఏమే, మంచు పడబోతోందా?” అని స్టామెన్కా నవ్వబోయి, నా మొహం చూసి ఊరుకుంది. నొప్పిగా ఉందా, దురద పెడుతోందా, రసి కారుతోందా అని రోజూ అడిగేదాన్ని. గోడనడిగినట్టే ఉండేది. మూడు వారాలు.

కోత ఆఖరిరోజు ఒకే వరసకి అటు దూన్యా, ఇటు నేను కోస్తున్నాం. మధ్యలో గుబురుగా ఆకులు. దాని చేతులు తప్ప మొహం కనపడటం లేదు. కనపడితే చెప్పలేకపోయేదాన్నేమో.

“ఆ మందులో నూనె కలిపింది నేనేనే తల్లీ.”

చేతులు ఆగలేదు. పండు తర్వాత పండు కోస్తూనే ఉన్నాయి. వరస చివరిదాకా వెళ్లాం. అది పెట్టె కింద పెట్టి, మెడకున్న గుడ్డ విప్పి మొహం తుడుచుకుంది. ఎండ సరిగ్గా ఆ మచ్చ మీదే పడింది. నేను జరిగి ఎండకి అడ్డంగా నిలబడ్డాను.

అప్పుడు అంది.

“తెలుసు. మూత తియ్యగానే తెలిసింది. చిన్నప్పట్నించీ నా మోకాళ్ల వాసనేగా అది.”

“మరి ఎందుకు రాసుకున్నావే?”

“నువ్వు కలిపావు కదా అని.” గుడ్డని మడతలు పెడుతూ ఉండిపోయింది. “డాక్టరమ్మ అడిగినప్పుడు నువ్వు చెప్తావనే నీ వైపు చూశానమ్మా.”