తలుపుకి జానెడు దూరంలో

నేను ఒక ప్లాస్టిక్ కుర్చీని. పుట్టినప్పుడు ఎర్రగా ఉండేదాన్ని, ఎండకి వెలిసి గులాబీనయ్యాను. అచ్చులోంచి ఊడిపడగానే నాలాంటి నూరుమందితో కలిసి భీమవరం దగ్గర ఒక షామియానా కొట్టుకి చేరాను. పెళ్లిళ్లలో నా మీద కూర్చుని వంటలకి వంకలు పెట్టారు. దినాల్లో కూర్చుని అవే వంటల్ని మెచ్చుకున్నారు. పార్టీ మీటింగుల్లో నన్నెత్తి విసిరారు. మనిషి బరువు నాకు కొత్త కాదు. స్థిమితం లేని మనిషి ఎంత బరువో మాత్రం హైమవతి గారు నన్ను కొనుక్కున్నాకే తెలిసింది.

ఆవిడ కౌన్సెలర్. మేడ మీద చిన్న గది. మనసు బాగోని ఇంటర్ పిల్లలు లోపల కూర్చుని మాట్లాడతారు. వాళ్ల పెద్దలు బయట, నా మీద.

నూకరాజు రొయ్యల చెరువుల ఆసామి. కూతురు తన్మయి హాస్టల్ నుంచి వచ్చేసి రెండు నెలలు. పుస్తకం చూస్తే వాంతి. అన్నం సయించదు, నోట మాట లేదు. ఆయన కూర్చున్న క్షణం నుంచి కుడి మోకాలు ఊపేవాడు. నా కాళ్లు టకటకమనేవి. ఊపుతూ ఊపుతూనే నన్ను తలుపు వైపు జరిపేవాడు. నాలుగు వారాలకి జానెడు దూరం మిగిలింది.

పిల్ల బయటికి రాగానే, మెట్ల మీదే మొదలు.

"ఏం చెప్పావమ్మలూ? మేడమేమంది? మా గురించేమన్నా అడిగిందా?"

తన్మయి పెదవి బిగించి గబగబా దిగిపోయేది.

అయిదో వారం తలుపు చటుక్కున లోపలికి తెరుచుకుంది. దానికి చెవి ఆనించి ఉన్న నూకరాజు, ఆయనతోపాటు నేను, గడప మీద బోర్లా పడ్డాం.

"వినబడిందా నాన్నా? ఇంకొంచెం గట్టిగా చెప్పనా?" అంది తన్మయి. "ఇక నేన్రాను. ఈవిడకి చెప్పినా నీకు చెప్పినట్టే."

పిల్ల దిగిపోయింది. నూకరాజు లేచి పంచె దులుపుకున్నాడు.

"మేత వేశాక చెరువులో వేలాడేసిన చెక్ ట్రే ఎత్తి చూడాలి కదండీ మేడం! రొయ్య తిందో లేదో తెలీకపోతే చెరువే పోద్ది."

"ఎంతసేపటికోసారి ఎత్తుతారు?" అన్నారు హైమవతి గారు.

"రెండు గంటలకండి."

"నిమిషానికోసారి ఎత్తితే?"

ఆయన వంగి నన్ను లేపి నిలబెట్టాడు. "బెదిరిపోతాయండి. ట్రే దగ్గరికే రావు."

"పిల్ల ప్రాణానికి ముప్పనిపిస్తే నేనే మీకు చెప్తాను. మిగతాది చెప్పాలో వద్దో తన ఇష్టం."

తర్వాతి వారం వాళ్లొస్తారో రారోనని నాకూ కాలు నిలవలేదు. వచ్చారు. తన్మయి మెట్ల దగ్గరే ఆగిపోయింది. నూకరాజు పైకొచ్చి, నన్ను నెత్తిన పెట్టుకుని కిందకి దిగి, వీధిలో మజ్జిగ బండి పక్కన వేసుకున్నాడు.

"నువ్వెళ్లమ్మా. పైన ఏం మాట్లాడినా ఇక్కడికి వినపడదు."

ముప్పావు గంట నా ప్రాణం తీశాడు. నా వెనక కాలికి బీట పడింది ఆ రోజే. పిల్ల కిందకి దిగింది. ఆయన నోరు తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు.

"మజ్జిగ తాగుతావా?"

తాగింది. ఆ వారమంతే. పై వారమూ అంతే. మూడో వారం సగం గ్లాసు తాగి, రోడ్డుకేసి చూస్తూ, "నాన్నా, హాస్టల్లో మార్కులు తగ్గిన వాళ్లని వరండాలో నిలబెట్టి..." అంది, ఆగింది.

ఆయన తల తిప్పలేదు. ఏమీ అడగలేదు.

"...అందరిచేతా చప్పట్లు కొట్టించేవాళ్లు," అంది.

ఇప్పుడు నేను మెట్ల కింద పాత సామాన్లలో, మూడు కాళ్లతో, గోడకి చేరగిలబడి ఉన్నాను. ఎన్ని పెళ్లిళ్లు చూశానో లెక్క లేదు. గుర్తున్నది మాత్రం పిల్ల నోరు విప్పిన ఆ ఒక్క మధ్యాహ్నం, నా మీద ఆ మోకాలు ఆగిపోవడం.