పడగ పట్టిన పుట

నేను ఒక మహిమ గల కాగితాన్నని తెనాలిలో నేటికీ చెప్పుకొంటారు. చిత్రకారుడు గీయని అయిదు తలల నాగుపాము పడగ నా మీద దానంతట అదే వెలిసిందనీ, అచ్చులో నల్లగానూ అసలులో ఎర్రగానూ దర్శనమిచ్చిందనీ ఆ కథ. దాదాపు రెండు వారాలు నేనూ దాన్ని నమ్మాను. పొగడ్తకు పొంగిపోవడానికి ప్రాణం ఉండనక్కరలేదని అప్పుడే తెలిసింది.

పుట్టుక చేత నేను వట్టి డ్రాయింగు అట్టను. 'చిట్టిదీపం' అనే పిల్లల మాసపత్రికకు బొమ్మల కథలు వేసే వీరభద్రాచారిగారు నన్ను పత్రిక పుటకు ఒకటిన్నర రెట్ల కొలతలో కోశారు. పెద్దగా గీసి చిన్నగా అచ్చువేస్తే చేతి వణుకు కూడా చిన్నదైపోతుంది. మనుషులు తమ లోపాలను దాచుకునే పద్ధతులలో ఇంత నిరపాయకరమైనది నేను మరొకటి ఎరుగను.

మొదట లేత నీలం పెన్సిలుతో గళ్లూ మనుషులూ మాటల బుడగలూ ఏర్పడ్డాయి. వాటి మీద కుంచెతో నల్ల ఇంకు పడింది. తప్పిన చోటల్లా తెల్ల రంగు పూశారు. సేనాపతి ముక్కు మూడుసార్లు మారడం వల్ల ఆ భాగంలో నేను ఈనాటికీ కాస్త ఉబ్బెత్తుగా ఉంటాను. మహిమ గలవారికి తగిన అందం కాదది. సంభాషణలను వేరే కాగితం మీద గుండ్రంగా రాసి, కత్తిరించి, జిగురుతో నాకు అతికించారు. నీలం గీతలను మాత్రం ఎవరూ చెరపలేదు. రబ్బరు పెడితే ఇంకు నలుపు వెలిసిపోతుంది. పైగా ప్రెస్సులోని పెద్ద కెమెరాకు లేత నీలం కనబడదు. కాబట్టి నీలంలో ఎన్ని వెర్రివేషాలు వేసినా లోకానికి తెలియదన్నది ఆ వృత్తి వారి ధీమా.

నా మీది కథలో ఒక గొర్రెలకాపరి బండ మీద పడుకొని నిద్రపోతుంటాడు. వాడే తర్వాత రాజవుతాడు. సంచిక వెలువడిన ఉదయం చూస్తే, నిద్రపోతున్న ఆ కాపరి తల మీద పడగ ఉంది.

పత్రిక యజమాని, సంపాదకుడు సీతాపతిగారు మొదట కెమెరా మీద పనిచేసే సాంబయ్యను పిలిచి మండిపడ్డారు.

"నెగటివ్ మీద గీకింది ఎవరయ్యా?"

"నేను గీకలేదండీ. అట్ట మీద ఉన్నదే తీశా. కాబోయే రాజు గదా, ఆచారిగారే పడగ వేశారనుకున్నా."

అంతట నన్ను బయటికి తీశారు. కాపరి నెత్తిన ఎర్రని రేఖలు! ఆచారిగారికి కబురు వెళ్లింది. ఆయన నన్ను చాలాసేపు చూసి, "పడగ నేను గియ్యలేదండీ" అన్నారు.

మధ్యాహ్నానికి కొబ్బరికాయలు వచ్చాయి. సీతాపతిగారి కోపం భక్తిగా మారింది. నన్ను గాజు ఫ్రేములో బిగించి ఆఫీసు గోడకు వేలాడదీశారు. గంధం గాజుకే పూశారు గాని, నా ఒంటికే పూసినంతగా ఉప్పొంగాను. పక్క మేకుకు వేలాడే క్యాలెండరును చిన్నచూపు చూశాను.

సాంబయ్య ఒక్కడే మెత్తబడలేదు. "అట్ట మీద ఎవరో ఒకరు గీయంది అచ్చులోకి రాదండీ" అని వచ్చిన వారందరికీ చెప్పసాగాడు. సీతాపతిగారు అతన్ని పక్కకు పిలిచారు.

"నెగటివ్ మీద ఏమీ లేదు, తర్వాత తానే వెలిసిందని నలుగురి ముందూ చెప్పు. చెప్పేదాకా పనిలోకి రాబాక."

అతను చెప్పలేదు, పనిలోకీ రాలేదు. ఇరవై ఏళ్లు ఆ కెమెరాను సాకినవాడు ఇంట్లో కూర్చున్నాడు. గోడ మీద నేను దండలు లెక్కపెట్టుకుంటున్నాను.

పన్నెండో రోజున ఆచారిగారికి నా ఎదుటే శాలువా కప్పాలని ఏర్పాటు చేశారు. అదే సమయానికి సాంబయ్య తన భూతద్దం, కుంచెలు తీసుకుపోవడానికి వచ్చాడు.

"ఎక్కడికయ్యా?" అన్నారు ఆచారిగారు.

"గుంటూరండీ. ఫోటో స్టూడియోలో రమ్మన్నారు."

"ఒక్క మాట చెబితే పోయేదిగా?"

"మీరు చెప్పారే, అట్టాంటి మాటేనా అండీ?"

శాలువా మడత విప్పకుండానే ఆగిపోయింది. ఆచారిగారు కుర్చీలోంచి లేచారు.

"సాంబయ్యది తప్పు లేదండీ. పడగ గియ్యలేదన్నాను, నిజమే. గొడుగు గీశాను. గొర్రెలు కాసేవాడికి గొడుగేంటయ్యా అని మీరేగా సీతాపతిగారూ తీసేయమంది! ఇంకు పెట్టకుండా వదిలేశాను. మీరు అట్ట చూపించిన రోజే పోల్చుకున్నా. జనం నా చేతికి దణ్ణం పెడతంటే నోరు రాలేదు."

దర్శనానికి వచ్చిన ఒక ముసలమ్మ ముందుకు జరిగింది. "మరి ఆ అయిదు తలలూ?"

"గొడుగు ఊచలమ్మా."

గోడ మీద నా పరిస్థితి ఊహించండి. వాసుకి వంశమని మురిసిన నేను ఎవరికీ అక్కరలేని గొడుగుకు ఆధారాన్ని. క్యాలెండరు ఏమీ అనలేదు. దాని సంస్కారం అది.

సీతాపతిగారు తేలికగా ఓడిపోయే మనిషి కాదు. "ఇన్నేళ్లుగా పెన్సిలు గీతలు చెరపకుండానే ఇస్తన్నారు. ఒక్కటన్నా అచ్చులోకి వచ్చిందా? ఇదొక్కటే వచ్చిందంటే మహిమ కాదూ?"

జనం తలలూపారు. నిజం చెప్పాలంటే నేనూ లోలోపల ఊపాను.

"నీలం మొన విరిగితే పెన్సిలు తిరగేశానండీ. ఇది ఎర్ర మొనతో గీసింది" అన్నారు ఆచారిగారు.

"రంగుదేముందయ్యా, పెన్సిలు పెన్సిలే!"

"ఫ్రేము విప్పించండి. నే చెప్పేదేం లేదు, చూద్దురుగాని" అన్నాడు సాంబయ్య.

నన్ను విప్పారు. అతను రెండు మొనల పెన్సిలు చెక్కి, నా కింది అంచున పక్కపక్కనే రెండు సన్నని గీతలు గీసి, నన్ను కెమెరా ముందు నిలబెట్టాడు. దీపాల వేడికి నా ఒళ్లు మండింది. ముసలమ్మతో సహా అందరూ గది బయట వేచి ఉన్నారు. ప్రూఫు బయటికి రాగానే సీతాపతిగారు దాన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్లి రెండుసార్లు చూశారు. తర్వాత కెమెరా గది తాళంచెవి సాంబయ్య చేతిలో పెట్టి, తన గదిలోకి వెళ్లిపోయారు.

దేవుడు అలిగి వెళ్లిపోయాడని ఊరు సరిపెట్టుకుంది. నేను కెమెరా గది సొరుగులో చేరాను. నా అంచున రెండు గీతలున్నాయి: ఒకటి నీలం, ఒకటి ఎరుపు. ఆనాటి ప్రూఫులో ఉన్నది ఒకటే, ఎర్ర గీత. అదీ నల్లగా.