ఒకసారి ఊదు

హోటల్ లాండ్రీలో ఆమెను అందరూ ఇస్త్రీ అక్క అనేవారు. నేలమాళిగలో, ఎండ ముఖం చూడని ఒక పొడవాటి గదిలో, ఆవిరితో నడిచే పెద్ద రోలర్ దగ్గర ఆమె పని. తడి దుప్పటి రెండు కొసలూ పట్టుకుని, ముడత లేకుండా లాగి, రోలర్ నోటికి అందించాలి. అవతలి వైపు అది పొగలు కక్కుతూ అప్పడంలా బయటికి వస్తుంది. ఏమరుపాటుగా ఉంటే వేళ్లు కూడా దుప్పటితోపాటు లోపలికి పోతాయి. ఇన్నేళ్లలో ఆమె వేళ్లయితే పోలేదు గానీ, మనిషి మాత్రం కొన్నాళ్లు పోయింది.

ఆ పోవడం కూడా అక్కడే మొదలైంది. పై అంతస్తుల్లోని మాసిన దుప్పట్లు ఒక గొట్టంలోంచి కిందికి జారిపడేవి. వాటి మడతల్లో అప్పుడప్పుడు ఎవరో సగం తాగి వదిలేసిన సీసాలు వచ్చేవి. నడుము నొప్పికని ఒక గుక్క. ఇంటికి పోయి మొగుడి ముఖం చూడాలి గదా అని ఇంకో గుక్క. కొన్నాళ్లకి దుప్పట్లలో వచ్చేదాకా ఆగలేక తనే కొనుక్కోసాగింది.

మొగుడూ తాగేవాడు. ఆయన తాగితే ‘పాపం, రోజంతా ఒళ్లు హూనం చేసుకుని వచ్చాడు’ అనేవారు. లివర్ చెడి ఆయన పోయినప్పుడు కూడా ‘బంగారంలాంటి మనిషి, ఆ ఒక్క అలవాటే లేకపోతేనా’ అంటూ చుట్టాలంతా ముక్కులు చీదారు. ఆమె తాగుతుందని బయటపడిన రోజున అదే చుట్టాలు అవే ముక్కులు మూసుకున్నారు.

కోడలు నెల తప్పిందని తెలిసిన వారంలోనే ఇస్త్రీ అక్క పొయ్యి మీద గిన్నె పెట్టి, తాగిన మత్తులో నిద్రపోయింది. కొడుకు తలుపు పగలగొట్టి లోపలికొచ్చేసరికి గదంతా పొగ. మర్నాడే వాడామెను ఆస్పత్రిలో చేర్చాడు. అక్కడ వణికి, వాంతులు చేసుకుని, నర్సుల్ని నానా మాటలూ అని, చివరికి మనిషై బయటికొచ్చింది. ఆ తర్వాత చుక్క ముట్టలేదు. దుప్పట్లలో సీసా కనిపిస్తే చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకెళ్లి సూపర్‌వైజర్ బల్లమీద ఠక్కున పెట్టి వచ్చేది.

వారానికోసారి, బడి వదిలాక, ఒక తరగతి గదిలో మందు మానేసినవాళ్లు కొందరు కలిసేవారు. పిల్లల బెంచీల మీద మోకాళ్లు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చుని, ఒకరి గోడు ఒకరికి చెప్పుకునేవారు. అక్కడ పరిచయమైంది కండక్టరమ్మ. బస్సులో టిక్కెట్లు కొట్టి కొట్టి రిటైరైన మనిషి. గొంతెత్తితే వెనక సీటు దాకా వినిపించాల్సిందే.

‘‘కోపమొచ్చిందా? ముందు ఏదో ఒకటి తిను. తర్వాత నాకు ఫోన్ చెయ్యి. ఆ తర్వాత ఎవర్ని తిట్టాలో వాళ్లని తిట్టు. ఖాళీ కడుపుతో కోపం తెచ్చుకుని తిన్నగా మందు షాపులో తేలినవాళ్లతో నేనొక బస్సు నింపగలను’’ అనేది.

ఇస్త్రీ అక్కకు కోపాలకేం కొదవ లేదు. అన్నిటికన్నా పెద్ద కోపం కొడుకు ఇంట్లో ఉండేది. మనవరాలిని ఎత్తుకోవాలంటే ఆమె కూర్చునే ఎత్తుకోవాలి. పక్కన కొడుకో కోడలో ఉండి తీరాలి. నోటితో ఎవరూ చెప్పలేదు. ఆమె పాప వైపు చేతులు చాచగానే కోడలు చేస్తున్న పని వదిలేసి వచ్చి పక్కన కూర్చునేది, అంతే. ఆమె లేచి నిలబడితే ‘‘ఇటివ్వండత్తయ్యా, పాలు పట్టాలి’’ అనేది. ఆ పిల్ల అన్నిసార్లు పాలు తాగి ఉంటే ఈపాటికి ఏనుగయ్యేది.

ఆమె ఇవన్నీ మింగింది. తన వల్ల వాళ్లు పడ్డ బాధ తనకు తెలుసు గనక మింగింది.

పాపకు ఏడాది నిండిన రోజు మధ్యాహ్నం భోజనానికి పిలిచారు. పెద్ద హడావుడేం లేదు, ఇంటివాళ్లే. ఆమె, కొడుకు, కోడలు, పాప, ఆమె మరిది. ఈ మరిది చనిపోయిన మొగుడికి తమ్ముడు. మాటకారి. ఎక్కడికెళ్లినా సంచిలో తన సీసా తనే తెచ్చుకునే రకం. ‘‘అమ్మ ముందు బాగుండదేమో బాబాయ్’’ అని కొడుకు గొణిగితే, ‘‘ఆవిడ మానేసిందిరా, నేను మానెయ్యలేదు గదా!’’ అని పగలబడి నవ్వాడు. కొడుకూ నవ్వాడు. గ్లాసు తెచ్చిచ్చింది కూడా వాడే.

ఆ వాసన గదిలో ఉంటే ఆమె అక్కడ కూర్చోలేకపోయింది. వంటింట్లోకి పోయి, ఎవరూ అడక్కపోయినా గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. ఇత్తడికి మెరుగు పెట్టినట్టు స్టీలు గిన్నెల్ని అరగదీస్తోంది. కొడుకూ కోడలూ కేకు ముక్కలు పట్టుకుని పక్కింటివాళ్లకి ఇచ్చి రావడానికి వెళ్లారు. వెళ్తూ వెళ్తూ పాపను మరిది ఒళ్లో పెట్టారు. ఆమె అది వంటింటి గుమ్మంలోంచి చూసింది. చేతిలో పీచు నలిగిపోయింది.

కాసేపటికి దబ్బుమని చప్పుడు. వెంటనే పాప గుక్కపెట్టిన ఏడుపు.

ఆమె సబ్బు చేతులతోనే పరిగెత్తింది. పాప సోఫాకీ బల్లకీ మధ్య నేలమీద ఉంది. పెదవి చిట్లి నెత్తురు కారుతోంది, నుదుటి మీద అప్పుడే బొప్పి కడుతోంది. మరిది సోఫాలో వెనక్కి జారగిలబడి, గ్లాసు తొణక్కుండా పట్టుకుని, గుడ్లప్పగించి చూస్తున్నాడు. ఆమె పాపను ఎత్తి భుజానేసుకుంది. సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది.

కొడుకూ కోడలూ చూసింది అదొక్కటే: నెత్తురు కారుతున్న పాప, ఆమె చేతుల్లో.

కోడలు పాపను లాక్కుంది. ‘‘మీరెందుకెత్తుకున్నారత్తయ్యా? మేం లేనప్పుడు మీరెందుకెత్తుకున్నారు?’’

‘‘నేను కాదమ్మా, నేను వంటింట్లో...’’

కొడుకు ఆమెకు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. వాడి ముఖం తెల్లగా పాలిపోయి ఉంది.

‘‘అమ్మా, ఒకసారి ఊదు.’’

ఆమెకు ముందు అర్థం కాలేదు.

‘‘ఊదమ్మా. ఒక్కసారి.’’

దారిన పోయే బండిని ఆపి పోలీసువాడు అడిగినట్టు అడిగాడు, కన్న కొడుకు. ఆమె ఊదింది. ఎందుకు ఊదిందో ఆమెకే తెలియదు. వాడు ముక్కు దగ్గర పెట్టి వాసన చూశాడు. అందులో కేకు వాసన తప్ప ఏం లేదు. తల పక్కకి తిప్పుకుని, ‘‘సరే, కాస్త జాగ్రత్తగా ఉండాలి గదమ్మా’’ అన్నాడు.

‘‘పోనీలేరా, పెద్దావిడ. చెయ్యి జారుంటుంది’’ అన్నాడు సోఫాలోంచి మరిది.

ఆమె ఇంకో క్షణం అక్కడుంటే చేతికందిన గిన్నెతో మరిది నెత్తి పగలగొట్టేదే. చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా మెట్లు దిగిపోయింది.

వీధిలో నడుస్తూ పైకే మాట్లాడుకుంది. ‘‘చెయ్యి జారుంటుందా? నాకా? కాలే రోలర్ దగ్గర ఇన్నేళ్లు నిలబడ్డ చేతులివి. తాగావా అని అడిగారుగా. తాగే వస్తాను. వాళ్ల మాటెందుకు అబద్ధం కావాలి? కడుపునిండా తాగొచ్చి, వాళ్ల గుమ్మంలో నిలబడి, అప్పుడు ఊదుతాను, ఇల్లంతా కంపుకొట్టేలా ఊదుతాను.’’ ఎదురొచ్చేవాళ్లు పక్కకి తప్పుకున్నారు.

కాళ్లు ఆమెను అడక్కుండానే మందు షాపు దగ్గరికి తీసుకుపోయాయి. ఊచల వెనకనున్న మనిషి ఆమెను గుర్తుపట్టి, ‘‘ఏమ్మా, బొత్తిగా నల్లపూసైపోయారు! బాగున్నారా?’’ అన్నాడు. ఆ రోజు మొత్తంలో ఆమెను బాగున్నారా అని అడిగినవాడు వాడొక్కడే. అది తలుచుకునేసరికి ఆమె కళ్లల్లోంచి నీళ్లు కాదు, నిప్పులు రాలాయి. పక్కకి జరిగి, గోడనానుకుని, ఫోన్ తీసింది.

‘‘అక్కా, షాపు ముందున్నాను. తాగబోతున్నాను. చెప్పి తాగుదామని చేశాను.’’

‘‘ఏం తిన్నావు?’’ అంది కండక్టరమ్మ.

‘‘నా తలకాయ తిన్నాను! నా కొడుకు నా నోరు వాసన చూశాడక్కా!’’ అని మొదలుపెట్టి, జరిగిందంతా చెప్పింది.

చివర్లో కండక్టరమ్మ అంది, ‘‘పిల్లను పడేసింది మీ మరిది. నిన్ను నమ్మనిది నీ కొడుకు. మధ్యలో నీ లివర్ ఏం చేసిందే?’’

ఆమెకు నవ్వు రాలేదు. ఇంకాస్త ఒళ్లు మండింది. ‘‘నీకేం అక్కా, ఎన్ని కబుర్లైనా చెబుతావు. లోపల మంట నాది.’’

‘‘మంట తగ్గించుకోమని నేనన్నానా? నీ కోపంలో నాకేం తప్పు కనపళ్లేదు. పట్టుకెళ్లి ఎవరిది వాళ్లకిచ్చిరా. షాపువాడికెందుకిస్తావు, వాడేం చేశాడు? ముందు ఏదైనా కొరికి తిను. నేను ఫోన్ పెట్టను, నువ్వు నమిలే చప్పుడు నాకు వినపడాలి.’’

పక్కనే బేకరీ ఉంది. ఆమె ఒక బన్ను కొని, రోడ్డు మీదే నిలబడి, దాని మీద కసి ఉన్నట్టు కొరికి కొరికి తింది. రెండోది కూడా తింది. కోపం మాత్రం ఇసుమంతైనా తగ్గలేదు, కాకపోతే ఇప్పుడు దానికో దారి దొరికింది. వెనక్కి తిరిగి నడిచింది.

ఆమె వెళ్లేసరికి వాళ్లు పాపను వీధి చివరి డాక్టరుకి చూపించి తెచ్చారు. ఏం ఫర్వాలేదన్నాడట. పాప కోడలి భుజం మీద నిద్రపోతోంది. మరిది అదే సోఫాలో, అదే గ్లాసుతో ఉన్నాడు.

ఆమె తలుపు కూడా వెయ్యకుండా తిన్నగా వెళ్లి అతని ముందు నిలబడింది.

‘‘చెప్పు.’’

‘‘ఏం చెప్పను వదినా?’’

‘‘పాప ఎవరి చేతుల్లోంచి పడిందో చెప్పు.’’

‘‘అమ్మా, ఇప్పుడవన్నీ ఎందుకు? వదిలెయ్’’ అన్నాడు కొడుకు.

‘‘వదలను! వదిలేస్తే నేను మళ్లీ ఆ షాపుకే పోతాను. ఇందాక దాని గుమ్మందాకా పోయొచ్చాను, తెలుసా నీకు? నాలుగడుగులేస్తే అయిపోయేదాన్ని. నువ్వు కూర్చుని విను.’’ మళ్లీ మరిది వైపు తిరిగింది. ‘‘చెప్పవేం? పోనీ ఊదు. నన్నూదమన్నారుగా, నువ్వూ ఊదు. లేచి, నా కొడుకు ముఖం మీద ఊదు!’’

‘‘ఏమిటి వదినా ఈ గోల? నేనేం తాగి పడిపోయానా? రెండు పెగ్గులు...’’

‘‘బాబాయ్‌కి అలవాటేనమ్మా. ఆయనకేం కాదు’’ అన్నాడు కొడుకు.

‘‘అలవాటా! మీ నాన్నకీ అలవాటే. నాకూ అలవాటేరా, నేనేమన్నా కొత్తగా పుట్టించానా? మీ నాన్న తాగితే అలసట. మీ బాబాయి తాగితే సరదా. నేను తాగితే పాపం. సరే, పాపమే అనుకో. దాన్ని వదిలినందుకేమైనా ఉందా? గ్లాసు పట్టుకున్నవాడి ఒళ్లో బిడ్డను పెట్టి, గ్లాసు వదిలేసినదాని నోరు వాసన చూశావు. నీకు సిగ్గనిపించలేదా?’’

కోడలు మరిది వైపే చూస్తోంది. మెల్లిగా అడిగింది, ‘‘చిన్నమామయ్యగారూ, ఏం జరిగింది?’’

అతను గ్లాసులోకి చూస్తూ అన్నాడు, ‘‘సోఫా మీద నిలబెట్టానమ్మా. బాగానే నిలబడింది. గ్లాసందుకుందామని ఇటు వంగాను, ఆ లోపలే...’’

‘‘మరి అత్తయ్య చెయ్యి జారిందన్నారు?’’

అతను గ్లాసు బల్లమీద పెట్టాడు.

‘‘మీరింక బయల్దేరండి మామయ్యగారూ. ఆ సీసా కూడా తీసుకెళ్లండి’’ అంది కోడలు. కొడుకు ఏదో అనబోయి, పెళ్లాం ముఖం చూసి మానుకున్నాడు.

మరిది పోయాక కొడుకు కుర్చీలో కూలబడ్డాడు. ‘‘నాకు భయమమ్మా. ఆ రోజు పొగ ఇంకా నా ముక్కులోనే ఉంది. నేనేం చెయ్యను?’’

‘‘భయపడు. తప్పనను. పక్కన కూర్చుని చూసుకో, నేను కాదనను. కానీ ఇంకోసారి ఊదమంటే ఊదను, పళ్లు రాలగొడతాను. ఈ వయసులో నీకు కట్టుడు పళ్లు బాగుండవు.’’

అని వెళ్లిపోయింది. కోడలు ‘‘ఉండండత్తయ్యా’’ అన్నా ఆగలేదు.

ఆ తర్వాత మరిది ఊరుకున్నాడా అంటే, లేదు. ‘ఆ తాగుబోతుది నన్ను అన్న కొడుకు ఇంట్లోంచి గెంటించింది’ అని చుట్టాలందరికీ చాటాడు. వాళ్లూ నమ్మారు. ఫోన్లు చేసి ఆమెకు బుద్ధులు చెప్పారు. ఆమె ఒక్కొక్కరినీ పేరుపేరునా కడిగిపారేసింది. లాండ్రీలో ఆ వారమంతా దుప్పట్లు ఎంత గట్టిగా లాగి అందించిందంటే, అవతల మడతపెట్టే ఆడవాళ్లు ‘‘అక్కా, చిరుగుతాయే’’ అని మొత్తుకున్నారు.

కొడుకు లాండ్రీ గేటు దగ్గరికొచ్చి, బూట్లు చూసుకుంటూ సారీ చెప్పాడు. ఆదివారం రమ్మన్నాడు. ‘‘రాను’’ అంది. నిజంగానే పోలేదు. ఆ పై ఆదివారం పోయింది.

పాప నుదుటి బొప్పి తగ్గిపోయింది. కోడలు కాసేపు అటూ ఇటూ తిరిగి, హఠాత్తుగా పాపను తెచ్చి ఆమె చేతుల్లో పెట్టింది. ‘‘కూరగాయలు తెచ్చుకోవాలత్తయ్యా. ఆయన కూడా ఇంట్లో లేరు’’ అని సంచి తీసుకుని బయటికి పోయి, తలుపు దగ్గరగా వేసింది.

ఆమె పాపతోపాటు నేలమీద కూర్చుండిపోయింది. పాప ముందు తలుపు వైపు, తర్వాత ఆమె వైపు చూసి, రాగం అందుకుంది. ఆమె ఊరుకోబెట్టి చూసింది, ఊరుకోలేదు. ఎత్తుకుని తిప్పింది, ఊరుకోలేదు. చివరికి ఆమెకు విసుగొచ్చి, ‘‘ఎందుకే అంత కోపం? ఎవరి మీదే?’’ అని గట్టిగా గదిమింది. పాప ఉలిక్కిపడి ఏడుపాపి, ఆమె జుట్టు పిడికిట పట్టుకుని లాగింది.

కోడలు తిరిగొచ్చి గుమ్మంలోనే ఆగింది. ‘‘ఏడ్చిందా అత్తయ్యా?’’

‘‘ఏడ్చింది. నేనూ అరిచాను’’ అంది ఆమె, జుట్టు విడిపించుకునే ప్రయత్నం చేస్తూ. ‘‘ఇద్దరం సర్దుకున్నాం. నువ్వు చెప్పులు విడిచి లోపలికి రా.’’