గోడ మీద వెలుగు చుక్క

కృపావరం మాస్టారు గురజాలలోని ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. కుడిచేతికి వణుకుడు జబ్బు వచ్చాక ఆయన నలుగురిలోకి రావడం మానేశారు. చర్చికి వెళ్ళినా ఆ చెయ్యి శాలువా కిందే ఉండేది.

ఆయన దగ్గర చదువుకున్న మైమూనా ఇప్పుడు అదే కాలేజీలో లెక్చరర్. ఒకరోజు ఇంటికొచ్చి బతిమాలింది.

"సార్, స్టోర్ రూములో మీ పాత అద్దం గాల్వనామీటర్ దొరికింది. దాన్ని సరిచెయ్యడం నాకు రావట్లా. పిల్లలు డిజిటల్ మీటర్‌లో అంకెలే చూశారు, కరెంటు పెరిగేది తగ్గేది కళ్ళారా చూళ్ళేదు."

"ఈ చేత్తో నేనేం జేస్తానమ్మా?"

"మీరు చెప్పండి, నేను చేస్తా."

మర్నాడు ల్యాబ్‌లో పిల్లలు చేరాక కిటికీలు మూశారు. మాస్టారు చెప్పినట్టల్లా మైమూనా మరలు తిప్పింది. సన్నటి తీగకు వేలాడే చిన్న అద్దం మీద దీపం వెలుగు పడి, ఎదుటి గోడ మీద చుక్కగా నిలిచింది. మీటరుకు కలిపిన తీగచుట్టలో ఏ కాస్త కరెంటు పారినా అద్దం తిరుగుతుంది, చుక్క జరుగుతుంది.

"పూర్వం ఆ చుక్క ముందు ఫొటో కాగితం నడిపి, కరెంటు మార్పులను గీతగా దింపేవాళ్ళు," అన్నారు మాస్టారు. పాఠం ఊపులో పడి, పాత అలవాటు కొద్దీ కుడిచేత్తోనే అయస్కాంతం తీసుకుని తీగచుట్ట దగ్గర ఆడించారు. చుక్క గోడంతా పరుగెత్తింది.

"ఇప్పుడు కదపట్లా. చూడండి, నిలిచిపోయిద్ది."

చుక్క నిలవలేదు. సన్నగా అదురుతూనే ఉంది. పిల్లల చూపులు గోడ మీంచి ఆయన చేతి మీదికి మళ్ళాయి. మాస్టారికి ముఖం వేడెక్కింది. మైమూనా గబుక్కున అయస్కాంతం అందుకోబోయింది. ఆయన ఇవ్వలేదు.

"ఉండమ్మా. నేను ఆపాననుకున్నా, నా చెయ్యి ఆగలా. అయస్కాంతం కదిలితే కరెంటు పుట్టుద్దని చెప్పాగా? అదే ఇది. నా చేతికి వణుకుడు జబ్బురా."

ఆ మాట ఆయన ఇంటి బయట అనడం అదే మొదలు. చుక్క వంక చూశారు. అది ఊగేది వేలెడు మేర కూడా లేదు.

"సార్, దీన్ని మనం గీతగా గీయొచ్చా?" అంది ముందు వరసలోని ప్రీతి.

"ఎందుకు గీయకూడదు? ఒకరు కాగితం లాగండి, ఒకరు చుక్క వెంట పెన్సిల్ నడపండి."

గోడ దగ్గర పిల్లలు మూగారు. ప్రీతి పెన్సిల్ రెండుసార్లు తప్పింది. కాగితం పట్టుకున్న పిల్ల నవ్వాపుకోలేకపోయింది.

"ఏమే, అంత గబగబా లాగితే ఎట్టా? నిదానంగా లాగు," అంటూ మాస్టారు అయస్కాంతాన్ని మళ్ళీ తీగచుట్ట దగ్గరికి తెచ్చారు.