జీవరాజు పంతులు చూసొచ్చిన ఇల్లు

ఆ వేసవిలో సికింద్రాబాదు బోయిగూడ క్రైస్తవ సంఘంలో జీవరాజు పంతులికి, జలప్రళయంలో ఓడ కట్టి అందరినీ కాపాడిన నోవహు పేరు పడింది. పెట్టింది సంఘపెద్ద సామ్యూల్ గారే. రజాకార్ల భయంతో ఊరంతా గుసగుసలు పోతున్న రోజులవి. అల్లరి మొదలైతే ఆడవాళ్లనూ పిల్లలనూ ఎక్కడికి చేర్చాలన్న మాట ప్రతి వారం ప్రార్థన అయ్యాక వచ్చేది. అందరూ నిట్టూర్చి ఇళ్లకు పోయేవాళ్లు. జీవరాజు మాత్రం గొడుగు చంకన పెట్టుకుని పల్లెలు చూడటానికి బయలుదేరాడు. గుంటూరు నుంచి వచ్చి మిషన్ బడిలో లెక్కలు చెప్పే మనిషి. దేన్నయినా పరీక్షించి మార్కులు వేస్తే గాని నిద్రపట్టదు.

అబ్బో, ఆ చూడటం చూసి తీరాలి! బావి కనిపిస్తే నీళ్లు తోడించుకుని, పుక్కిలించి మరీ తాగేవాడు. చేను కనిపిస్తే గొడుగు మొనతో మన్ను గుచ్చి ఇక్కడేం పండుతుందని ఆరా తీసేవాడు. బొల్లారం వైపు ఊళ్లు రోడ్డు మీదున్నాయని కొట్టేశాడు. ఇంకో ఊరు బాగానే ఉంది గాని, ఎండాకాలం బావి అడుగంటుతుందట. దాన్నీ కొట్టేశాడు. చివరికి కాప్రా చెరువు దాటి, బండ్లబాట పట్టి లోపలికి పోతే వచ్చే ఓ చిన్న పల్లెలో, దూదేకుల హుస్సేన్ ఇంటి ముందు ఆగాడు.

హుస్సేన్ కొత్తవాడేం కాదు. ఏటా దూది ఏకే విల్లు భుజాన వేసుకుని బోయిగూడ వచ్చేవాడు. జీవరాజు ఇంటి అరుగు మీదే కూర్చుని వీధిలో వాళ్లందరి పరుపులూ బాగుచేసేవాడు. ఆ విల్లు తాతల నాటిది. ఇంకొకరిని ముట్టనిచ్చేవాడు కాదు. అతని భార్య ఖాసింబీ పంతుల్ని చూడగానే మంచం వాల్చి మజ్జిగ తెచ్చింది. పంతులు మజ్జిగ తాగి పరీక్ష మొదలుపెట్టాడు. బావి చూశాడు, ఎండల్లోనూ నీళ్లున్నాయి. జొన్నలు దాచిన పాతర చూశాడు. పెరటి తడిక తోసి, అటునుంచి చేలల్లోకి పారిపోవచ్చో లేదో నడిచి మరీ చూశాడు.

"ఏంది సారూ, ఇల్లు గిట్ల కొంటవా ఏంది?" అని ఖాసింబీ నవ్వింది.

సంగతి చెప్పాడు. సగమే చెప్పాడు లెండి. ఆ ఇంటికి అతను వేసిన మార్కుల్లో సగం బావికీ పాతరకూ కాదు. అది ముసల్మానుల ఇల్లు కాబట్టి రజాకార్లు ఆ గడప తొక్కరు. ఆ సగం మాత్రం మింగేశాడు.

"మేం చాలామందిమే వస్తామేమోనమ్మా. మీకు ఇబ్బంది..."

"ఎంతమందని నేనడిగిన్నా సారూ? జెర ముందుగాల కబురు పంపు, చాలు. రొట్టెలు చేసి పెడత."

ఆ మరుసటి వారమే ఒక రేకుపెట్టె తీసుకుపోయి వాళ్లింట్లో పెట్టాడు. అందులో భార్య కాంతమణి పెళ్లిచీర, వాళ్లమ్మ ఇచ్చిన వెండి చెంబు, ఇంటి పెద్ద బైబిలు ఉన్నాయి. హుస్సేన్ ఆ పెట్టె మీద అరచెయ్యి ఉంచాడు.

"నమ్మి చేతుల పెట్టినవ్ సారూ, ఇది మాకు అమానత్. నాది పోతే పోనీ, నీది మాత్రం పోనియ్య."

సెప్టెంబరులో నిజాం మీదికి ఇండియన్ యూనియన్ పటాలాలు వచ్చాయి. వారం తిరక్కుండానే అంతా అయిపోయింది. సంఘంలో ఎవరూ ఎక్కడికీ పారిపోవలసిన పని పడలేదు. సికింద్రాబాదు వీధుల్లో మిఠాయిలు పంచారు, జీవరాజూ తిన్నాడు. ఆ తర్వాత పల్లెల నుంచి వేరే కబుర్లు రావడం మొదలైంది. రజాకార్ల మీది కసి ఏ పాపం ఎరగని ముసల్మానుల మీద తీర్చుకుంటున్నారట. ఎవరింట్లో ఎవరు తలదాచుకున్నారో వాకబు చేస్తున్నారని వీధిలో ఒకటే పుకారు.

"హుస్సేన్ వాళ్లు ఎట్లా ఉన్నారో ఒకసారి చూసిరాకూడదూ?" అంది కాంతమణి.

"చూద్దాంలే, దారులు కాస్త బాగుపడనీ."

మండుటెండల్లో పల్లెలన్నీ తిరిగిన మనిషికి ఇప్పుడు దారులు అడ్డమొచ్చాయి!

ఒక ఆదివారం ఆరాధన నుంచి వచ్చి చొక్కా విప్పుతుంటే తలుపు చప్పుడైంది. బయట సన్నగా వాన. మెట్టు మీద హుస్సేన్, నెత్తిన గోనెపట్టా కప్పిన పెట్టె. వెనకాల ఖాసింబీ, తడిసి ముద్దయింది. జీవరాజు వాళ్ల ముఖాలు చూడలేదు. ముందు వీధి ఆ చివర చూశాడు, తర్వాత ఈ చివర చూశాడు. ఎదురింటి కిటికీ తెరిచి ఉంది. రెండు తలుపుల మీదా చేతులు ఆనించి వాకిట్లో అడ్డంగా నిలబడ్డాడు.

"హుస్సేనూ, ఏమీ అనుకోకు. ఇంటినిండా చుట్టాలున్నారు, చోటు లేదు. పైగా రోజులు బాగాలేవు, మీకు తెలియందేముంది..."

హుస్సేన్ పెట్టెను మెల్లగా గడప మీదికి దించాడు.

"చోటు కోసం రాలే సారూ. నీ అమానత్ నీకిచ్చి పోదామని వచ్చిన. ఇల్లు కాలవెట్టిన్రు. ఇదొక్కటే చేతికందింది. అమ్మను జెర తెరిచి చూసుకోమను, లోపట తడి తగిలిందో ఏమో."

ఖాసింబీ జీవరాజు భుజం మీదుగా లోపలికి చూసింది. ఖాళీ బల్ల, ఖాళీ మంచం. ఇంట్లో చుట్టమన్నవాడు లేడు. చూసి కూడా చూడనట్టు తల వంచుకుంది. ఆవిడ తన ముఖాన ఉమ్మేసినా అతనికి ఇంతకంటే నయంగా ఉండేది.

"ఎటు పోతారు?" అన్నాడు.

"పట్నంల ఎవరన్న మనోళ్లుంటే చూస్త."

ఇద్దరూ స్టేషను వైపు నడిచారు. లోపలికి రమ్మని పిలవడానికి ఒక్క మాట చాలు. అతను ఇంకా తలుపులు పట్టుకునే ఉన్నాడు. వాళ్లు మలుపు తిరుగుతుంటే అప్పుడు చూశాడు, హుస్సేన్ భుజాన విల్లు లేదు. మంటల్లో నుంచి ఒక్కటే తెచ్చుకోగలిగిన మనిషి, తాతల నాటి విల్లు వదిలేసి ఈ పెట్టె తెచ్చాడు.

కాంతమణి వంటింట్లోంచి వచ్చి పెట్టె చూసింది.

"అయ్యో, హుస్సేన్ వచ్చాడా? ఏరీ వాళ్లు?"

జీవరాజు వీధి మలుపు వైపు చూపించాడు.

"అన్నమైనా పెట్టకుండా పంపేశారా?"

అదీ ఆవిడ అడిగింది. జవాబు కోసం ఆగకుండా వీధిలోకి పరుగెత్తింది. జీవరాజు కూడా చెప్పులు లేకుండా, గొడుగు లేకుండా వెంటపడ్డాడు. స్టేషను దగ్గర మూటలతో, పిల్లలతో ఎందరో ఉన్నారు. వాళ్లు మాత్రం లేరు.

ఆ సాయంత్రం ప్రార్థనకూటంలో సామ్యూల్ గారు హుషారుగా లేచారు.

"మన నోవహు గారు ఓడనైతే సిద్ధం చేశారు. దేవుడి దయవల్ల ఎవరికీ ఎక్కే అవసరం రాలేదు. స్తోత్రం! ప్రార్థన వారే చేస్తారు."

అందరూ నవ్వారు. జీవరాజు లేచి నిలబడ్డాడు. చేతులు జోడించాడు గాని కళ్లు మూసుకోలేకపోయాడు. మూస్తే ఆ ఖాళీ భుజమే కనిపిస్తోంది.

"ఎక్కడానికి వచ్చారండీ," అన్నాడు. "వానలో తడుస్తూ వచ్చారు. తలుపు నేనే వేశాను."

ఆ తర్వాత అతన్ని ఎవరూ నోవహు అని పిలవలేదు.