పూత కింద పడ్డ పరీక్ష

తమ్ముడు పనిచేసే కంపెనీ పనుల ప్లాన్లు వేసుకునే సాఫ్ట్‌వేర్ అమ్ముతుంది. అందులో ఒక పెద్ద పని, దాని కింద చిన్న పనులు, వాటి కింద ఇంకా చిన్నవి ఉంటాయి. పెద్ద పని పూర్తయిందని టిక్ పెడితే కిందివన్నీ వాటంతటవే పచ్చబడతాయి. ఈ ఏర్పాటు తమ్ముడిదే. ఒక్కోదానికి విడిగా టిక్ పెట్టే బాధ జనానికి తప్పించానని అప్పట్లో తెగ చంకలు గుద్దుకున్నాడు.

అక్క ఒక భవన నిర్మాణ సంస్థలో సైటు సూపర్‌వైజర్. ఆ సాఫ్ట్‌వేర్‌ని పట్టుబట్టి అక్కడ కొనిపించింది ఆవిడే. మా తమ్ముడు చేశాడు, కళ్ళు మూసుకుని తీసుకోండి అని యజమానికి చెప్పింది. ఆయన కళ్ళు మూసుకునే తీసుకున్నాడు. ఇటువంటి వస్తువులను అందరూ అలాగే కొంటారు.

ఒక ఉదయం అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్, నాలుగో అంతస్తు బాత్రూముల్లోంచి కింది గదుల సీలింగుకి నీళ్ళు దిగాయి. నీళ్ళ పరీక్ష చెయ్యకుండానే టైల్స్ వేసేశారు. అదేంటంటే, ప్లాన్‌లో పరీక్షకి టిక్ ఉంది కదా అంటున్నారు. నా పేరు మీద ఉందట!"

బాత్రూము నేల నీరు పీల్చకుండా ముందు ఒక పూత పూస్తారు. అది ఆరాక నీళ్ళు నింపి వదిలేస్తారు. కింద తడి దిగలేదని తేలాకే టైల్స్. టైల్స్ మేస్త్రీ ఫోన్‌లో ప్లాన్ చూసుకుంటాడు, పరీక్షకి పచ్చ టిక్ కనిపిస్తే పని మొదలుపెడతాడు. అతన్ని అనడానికేమీ లేదు.

తమ్ముడు అప్పుడు వేరే పనిలో తలమునకలుగా ఉన్నాడు.

"నువ్వే పెట్టుంటావక్కా. హడావిడిలో మర్చిపోయుంటావ్," అన్నాడు.

 అక్క "సరే" అని పెట్టేసింది.

సాయంత్రం బావ ఫోన్ చేశాడు. ఆయన ఏదీ పెద్దది చేసే మనిషి కాదు.

"మీ అక్క పొద్దుట్నుంచీ ఏమీ తినలేదయ్యా. చూడకుండా టిక్ పెట్టానని ఒప్పుకుంటే వేరే సైటుకి మారుస్తారట. ఒప్పుకోకపోతే ఉద్యోగంలోంచే తీసేస్తారట. ఒప్పేసుకుంటే పోలా అన్నాను. ఇంకేముంది, అంతెత్తున లేచింది. చెయ్యని పని చేశానని చెప్పదట, చచ్చినా."

తమ్ముడు ఆఫీసు నుంచి నేరుగా అక్క ఇంటికి వెళ్ళాడు. అక్క ఫోన్ బల్ల మీద పెట్టింది.

"చూడు. హెడ్డాఫీసులో ఎవరో పరీక్షని టైల్స్ తర్వాత పెట్టారు. టైల్స్ వేశాక నీళ్ళు నింపి ఏం చూస్తాం, మన మొహం? అందుకే ఎత్తి పూత తర్వాతకి జరిపాను. అంతే. టిక్ జోలికి పోతే ఒట్టు."

"అలాంటిదే ఉత్తుత్తి ప్లాన్ ఒకటి చేసిస్తాను, ఎలా జరిపావో ఇంకోసారి చూపించు."

అక్క బొటనవేలితో పరీక్షను నొక్కిపట్టి, పైకి లాగి, పూత తర్వాత వదిలింది. అది పూత తర్వాత పడలేదు. పూత లోపల పడింది, దాని కింద చిన్న పనిగా చేరిపోయింది. పూత అప్పటికే పూర్తయింది కనుక పరీక్ష కూడా పచ్చబడింది. జరిపింది అక్క కాబట్టి టిక్ పక్కన అక్క పేరు వచ్చింది. ఫోన్ కిక్కురుమనలేదు.

తమ్ముడి ఆఫీసులో అందరికీ పెద్ద స్క్రీన్లు, మౌసులు. పని లోపల పడుతోందా, పక్కన పడుతోందా అన్నది ఒక సన్నటి గీత చెబుతుంది. ఫోన్‌లో ఆ గీత సరిగ్గా బొటనవేలి కింద ఉంటుంది. ఇన్నాళ్ళూ తమ్ముడికి ఆ బొటనవేలు గుర్తుకు రాలేదు. ఇప్పుడు సిగ్గేసింది. ఆ మాట పైకి అనలేదు.

మర్నాడు పొద్దున్నే మేనేజరుకు ఫోన్ చేశాడు. ఎవరేం చెప్పబోయినా సారాంశం చెప్పు అంటాడు కాబట్టి అందరూ ఆయన్ను సారాంశం అనే పిలుస్తారు.

"తప్పు మనదే, సార్."

"అది మాత్రం వాళ్ళతో అనకు. వాడకంలో పొరపాటు అని చెప్పు."

"ఇక్కడ ఇరుక్కుంది మా అక్క, సార్."

"అయితే అసలు నోరే విప్పకు."

తమ్ముడు అక్కతో పాటు సైటుకు వెళ్ళాడు. యజమాని రేకుల గదిలో ఉన్నాడు. బల్ల మీద టైల్స్ ముక్కలు, టీ కప్పుల మరకలు, అన్నిటి మీదా సిమెంటు దుమ్ము. తమ్ముడు మాట పొడిగించకుండా అలాంటి ఉత్తుత్తి ప్లాన్ ఇంకొకటి తెరిచి, ఆయన పేరుతో లాగిన్ చేయించి ఫోన్ చేతికిచ్చాడు.

"సార్, ఈ నీళ్ళ పరీక్షని పూత తర్వాత పెట్టండి."

"ఇదేమన్నా బ్రహ్మవిద్యా?" అని యజమాని బొటనవేలితో లాగి వదిలాడు.

పచ్చ టిక్ పడింది. పక్కనే ఆయన పేరు.

"నీళ్ళు నింపి చూశారా, సార్?"

యజమాని నీళ్ళు నమిలాడు. మళ్ళీ లాగాడు, మళ్ళీ అదే. మూడోసారి ఊపిరి బిగబట్టి లాగితే సరిగ్గా పడింది. అది చూశాక ఆయనకు మరీ ఒళ్ళు మండింది.

"ఏమ్మా, ఆ టైల్స్ తవ్వించాలి, వెళ్ళి మనుషుల్ని పురమాయించు," అన్నాడు అక్కతో. క్షమించమని అనలేదు. తమ్ముడి వైపు తిరిగి, "నువ్వు మీ సాఫ్ట్‌వేర్ మూటగట్టుకుని బయల్దేరు," అన్నాడు.

సారాంశానికి ఈసారి నిజంగానే సారాంశం చెప్పాల్సివచ్చింది. కస్టమరు పోయాడు. పోగొట్టింది తమ్ముడు. 

"చెడగొట్టినవాడివి నువ్వే బాగుచెయ్," అన్నాడు సారాంశం.

తమ్ముడు బాగుచేశాడు. ఇప్పుడు పనిని లాగుతుంటే, అది దేని తర్వాత పడుతోందో, దేని లోపల పడుతోందో వేలికి పైన పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది. పెద్ద పని టిక్ దానంతటది కిందికి దిగదు. పూర్తి కాని పనిని పూర్తయినదాని కింద పెట్టబోతే ఫోన్ ఆగి అడుగుతుంది. అందరికీ ఇచ్చేముందు దాన్ని పట్టుకుని సైటుకు వెళ్ళాడు. నాలుగో అంతస్తులో టైల్స్ తవ్వుతున్నారు. అక్క గ్లవ్ తీసి ఫోన్ అందుకుంది. పరీక్షను కావాలనే పూత మీద వదిలింది. తెర మీద వచ్చినదాన్ని పైకి చదివింది.

"‘నీళ్ళ పరీక్ష చేశారా?’" ఇంకోసారి తనలో తాను చదువుకుంది. "బాగుందిరా. అడుగుతోంది."

"అందుకే పెట్టానక్కా."

"మా సార్ అడగలేదు. మీ బావ అడగలేదు." అక్క తెర మీంచి చూపు తిప్పలేదు. "ముందు నీకు ఫోన్ చేసింది నువ్వైనా అడుగుతావనేరా. నువ్వే పెట్టుంటావన్నావ్."

 అక్క ‘లేదు’ అన్నచోట నొక్కి, ఫోన్ తిరిగిచ్చి, గ్లవ్ తొడుక్కుని లోపలికి వెళ్ళింది.