జేబున్న లంగా

“సోమవారం నుంచి నీ మిషనూ, నువ్వూ నాకు కావాలి,” అన్నాడు వరప్రసాద్, పప్పులో నెయ్యి వేయించుకుంటూ. మొగుడు ముందు మిషన్ని తలుచుకుని, ఆ తర్వాత తనని తలుచుకున్నాడని మంజులత గమనించింది. నెయ్యి వేస్తున్న చెయ్యి మాత్రం ఆగలేదు. ఇరవై రెండేళ్ళ అలవాటు మరి.

వరప్రసాద్ సినిమాలకు దుస్తులు సమకూర్చే కాస్ట్యూమర్. సోమవారం మొదలయ్యే సినిమాలో పెళ్ళి సీను, నూట యాభై మంది జూనియర్ ఆర్టిస్టులు. అంతమందికీ జాకెట్లు బిగించేది, వదులు చేసేది, హుక్కులు కుట్టేది ఎవరు? ఫిల్మ్ నగర్‌లో ఈ ఇంటి వరండాలో మిషను ముందు కూర్చుని ఇన్నేళ్ళూ ఎవరు కుట్టారో వాళ్ళే. మధ్యాహ్నానికి కావాలంటే మధ్యాహ్నానికి ఇచ్చింది, గంటలో కావాలంటే గంటలో ఇచ్చింది. తెర మీద ‘కాస్ట్యూమ్స్: వరప్రసాద్’ అని పడినప్పుడల్లా ఆడపడుచు భావన చప్పట్లు కొట్టేది. అత్తగారు “మావాడిది బంగారం లాంటి చెయ్యి” అని మురిసిపోయేది. ఆ బంగారం లాంటి చెయ్యి సూదిలో దారం ఎక్కించగా మంజులత ఇంతవరకూ చూడలేదు.

“మరి నా లంగాలు?” అంది.

“మూణ్ణెల్లుగా చూస్తూనే ఉన్నాగా. ఆడవాళ్ళకి జేబులెందుకే, చేతిలో సంచులుండగా? సరదా తీరిందిగా, ఇక కట్టిపెట్టు.”

సరదా! జూబ్లీహిల్స్‌లో ఓ బంగళాలో షూటింగుకి జాకెట్లు ఇవ్వడానికి వెళ్ళిన రోజు పుట్టిన ఆలోచన అది. సీనులో ఎవరి చేతిలోనూ ఏమీ ఉండకూడదని ఆడవాళ్ళ ఫోన్లు, చిల్లర, బీపీ మాత్రలు అన్నీ ఒక గోనెసంచిలో వేయించి మూల పడేశారు. ప్యాంట్లు వేసుకున్న మగవాళ్ళు ఎవరివి వాళ్ళు జేబుల్లో పెట్టుకుని హాయిగా తిరుగుతున్నారు. చీరలు కట్టిన అరవై మంది ఆడవాళ్ళకి కలిపి ఒక్క జేబు లేదు. మంజులత ఇంటికొచ్చి చీర లోపల కట్టుకునే లంగా ఒకటి కుట్టి, నడుం పట్టీ దగ్గర జేబు పెట్టి, వరండాలో కొలతలు చూసుకునే నిలువెత్తు బొమ్మకి తొడిగి చీర చుట్టి చూసుకుంది. ముచ్చటగా ఉంది. వెంగళరావు నగర్ నుంచి భావన వచ్చి “సూపర్ వదినా!” అంటూ నాలుగు పట్టుకెళ్ళింది. మనవాళ్ళ దగ్గర డబ్బులేంటి అని అత్తగారే అంది. ఆ తర్వాత షూటింగుల్లో కలిసిన పన్నెండు మంది డబ్బిచ్చి కొన్నారు. వాళ్ళలో మొదట కొన్నది శకుంతలమ్మ.

అంతే. మూడు వారాలుగా ఇంకొకరు అడిగిన పాపాన పోలేదు. కొన్నవాళ్ళు ఎదురుపడితే నవ్వి తప్పుకుంటున్నారు. మొగుడు అన్నదే నిజమేమో అనుకోవడం నిన్నటి నుంచే మొదలైంది. అలా అనుకోవడం ఆమెకి పస్తుండటం కన్నా కష్టంగా ఉంది.

వరప్రసాద్ చెయ్యి కడుక్కుని వెళ్ళిన అరగంటకి శకుంతలమ్మ గేటు తోసుకుని వచ్చింది. యాభై ఐదేళ్ళ మనిషి, ఎర్రగడ్డ నుంచి రోజూ షూటింగులకి వచ్చి గుంపులో నిలబడుతుంది. చంకలో పెద్ద మూట. కూర్చోకముందే ఒక లంగా తీసి జేబు తిరగేసి చూపించింది. అడుగు మొత్తం ఊడిపోయి ఉంది.

“మార్కెట్ల వంగిన్నో లేదో, ఫోను జారి కాళ్ళకాడున్న టమాటల కుప్పల పడ్డది. జర నయం, నేల మీద పడలే.”

మంజులత మొహం మాడిపోయింది. “అయ్యో! డబ్బు తిరిగిచ్చేస్తానమ్మా.”

“పైసలకు రాలే బిడ్డా. మంచిగ కుట్టించుకోనీకి వచ్చిన.” జేబు అంచు ఆమె వేళ్ళకి అందించింది. “గీ కుట్టు చూడు. షాట్‌కు కుట్టినట్టు కుట్టినవ్. కెమెరా బందైనంక గూడ మేం నడుస్తం గదా!”

మంజులత చూసుకుంది. నిజమే. దూరం దూరంగా కచ్చా కుట్టు. సినిమా బట్ట ఒక్క షాట్ నిలబడితే చాలు, మళ్ళీ విప్పి ఇంకొకరికి సరిచేయాలి కాబట్టి గట్టిగా కుడితే వరప్రసాద్ కసిరేవాడు. ఇరవై రెండేళ్ళు అలా కుట్టీ కుట్టీ, తన సొంతానికి కుట్టుకునేటప్పుడు కూడా ఆమె చెయ్యి షాట్ వరకే కుట్టింది. సిగ్గుతో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“ఇంకో మాట. జేబు కుడిదిక్కు పెట్టినవ్. చీర మొదటి చెంగు దోపేది గాడనే. ఫోను తీద్దామని చెయ్యి పెడ్తే చీర ఊడొస్తది. ఎడమదిక్కు పెట్టు, పైట చాటుకు పోతది.”

“బొమ్మకి వేసి చూశానమ్మా, బాగానే ఉందే...”

“బొమ్మ కూసుంటదా? బస్సెక్కుతదా?”

ఇద్దరికీ నవ్వొచ్చింది. అప్పుడు శకుంతలమ్మ మూట మొత్తం విప్పింది. మిగతా పదకొండు లంగాలు. “అందరియీ గిట్లనే అయినయి. నీ మనసు నొచ్చుకుంటదని ఎవరూ చెప్తలేరు. చెప్పకుంటే ఆమెకెట్ల తెలుస్తదని నేనే ఇంటింటికి పోయి జమ చేసిన. అన్ని మంచిగైతె ఇంకో ముప్పై మంది ఉన్నరు, నేను చెప్పి పెట్టిన.”

ఎర్రగడ్డ ఎండలో, మోకాళ్ళ నొప్పులతో, పదకొండు గుమ్మాలు ఎక్కి దిగిందా ఈ మనిషి? మంజులతకి అనుమానమొచ్చి భావనకి ఫోన్ చేసింది. “జేబులు చిరిగాయా?” అని అడిగితే, “ఎందుకు చిరుగుతాయి వదినా, ఇంకా బీరువాలోనే ఉన్నాయి, సూపర్‌గా ఉన్నాయి!” అంది. పొగిడినవాళ్ళు కట్టుకోనే లేదు. కట్టుకున్న మనిషి తప్పు చెప్పడానికి మళ్ళీ వచ్చింది. ఇన్నాళ్ళ కాపురంలో తను చేసిన పనిని ఇంత శ్రద్ధగా చూసినవాళ్ళు ఇంకెవరూ లేరు. ఆమె శకుంతలమ్మ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది.

“ఛీ ఛీ, గదేంది! ముందుగాల చాయ్ పెట్టు.”

చాయ్ తాగి పనిలో పడ్డారు. మంజులత ఎడమవైపు జేబు కుట్టి ఇస్తే శకుంతలమ్మ అది కట్టుకుని కూర్చుంది, వంగింది, మేడమెట్లు ఎక్కి దిగింది. ఆమె చెప్పినదాన్ని బట్టి జేబు రెండు వేళ్ళు కిందికి జరిగింది, లోపల రెండో వరస కుట్టు పడింది. బొమ్మ మూలకి పోయింది.

సాయంత్రం వరప్రసాద్ జాకెట్ల మూట తెచ్చి మిషను మీద ధబ్బున పెట్టాడు. “ఇవి ముందు కానియ్.”

మంజులత ఆ మూటని నెమ్మదిగా ఎత్తి, పక్కన చాప మీద పెట్టింది. “ముందు పన్నెండు లంగాలున్నాయండీ. మీది పదమూడోది. కుట్టుకూలి సంగతి కూడా మాట్లాడుకుందాం.”

“మతి పోయిందా నీకు? సోమవారం షూటింగు!”

“లైన్ల నిలబడుండ్రి సారూ,” అంది శకుంతలమ్మ మెట్ల మీది నుంచి. “మేం రోజూ నిలబడ్తలేమా?”

వరప్రసాద్ భార్య వైపు చూశాడు, ఆమె సర్దిచెబుతుందని. ఆమె సూదిలో దారం ఎక్కించి, తల ఎత్తకుండానే అంది.

“మీవి షాట్ అయ్యేదాకా నిలబడితే చాలు కదండీ, కాస్త ఆగొచ్చు. వీళ్ళవి ఇల్లు చేరేదాకా నిలబడాలి.”